భాయ్ సాబ్ గొంతు

నన్ను మొట్టమొదట "భాయ్ సాబ్" అని పిలిచినాయనకి యూసుఫ్‌గూడలో కూల్‌డ్రింకుల దుకాణం ఉండేది. ఆయన ఫ్రిజ్‌కి నెలకో రోగం. అది ఆగిపోయినప్పుడల్లా పంజాగుట్టలో మా కంపెనీకి ఫోన్ చేసేవాడు. ఫోన్ ఎత్తేది నేను. "భాయ్ సాబ్, ఫ్రిజ్ మళ్ల సచ్చింది. జర మెకానిక్‌ని పంపియ్యుండ్రి" అన్నాడు ఆ రోజు. నేను నేత చీర కట్టుకుని, రెండు చేతులకీ గాజులు వేసుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని కూర్చుని ఉన్నాను. ఫోన్లో అవేవీ కనపడవు కదా. పంపిస్తానండీ అన్నాను, మగగొంతుతో.

ఎనభైల్లో టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగమంటే గొంతే ఉద్యోగం. నాకు టైపింగ్ వచ్చు, కానీ నేను టైపు చేసిన ఉత్తరం ఒకసారి చదివినవాళ్ళు రెండోది అడగరు. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో షార్ట్‌హాండ్ కూడా నేర్చుకున్నాను. నేను రాసింది నాకే అర్థమయ్యేది కాదు. ఇంటర్వ్యూలో మా మేనేజరు గారు ఇవన్నీ చూసి నిట్టూర్చి, చివరికి "పక్కగదిలోకి వెళ్ళి ఫోన్లో ఒకసారి హలో అనమ్మా" అన్నారు. అన్నాను. ఆ ఒక్క హలోకి ఉద్యోగం ఇచ్చారు. ఫ్రిజ్‌లు అమ్మే, బాగుచేసే కంపెనీ మాది. వచ్చే ప్రతి ఫోనూ నా బోర్డుకే వచ్చేది, నేను ప్లగ్గు గుచ్చి ఎవరికి కావాలో వాళ్ళకి కలిపేదాన్ని. మా చుట్టాల్లో జీతం తెచ్చుకునే మొదటి ఆడదాన్ని నేనే. ఆ కుర్చీ పోతే నాకు మిగిలేది వంటగది ఒక్కటే, అక్కడా నాకు గొప్ప పేరేమీ లేదు.

అలాంటి గొంతు నన్నొదిలి వెళ్ళిపోయింది. చెప్పాపెట్టకుండా కాదు, ముందు మిగతావన్నీ వెళ్ళాక వెళ్ళింది.

మొదట చలి వచ్చింది. మే నెలలో. అమీర్‌పేటలో తారు రోడ్డు చెప్పులకి అంటుకునే ఎండలో నేను మా ఆయన పాత ఊదారంగు స్వెట్టర్ తొడుక్కుని బస్టాపులో నిలబడేదాన్ని. జనం నన్ను చూసి కాస్త దూరంగా జరిగేవాళ్ళు. చల్లదనం అమ్మే కంపెనీలో పనిచేస్తూ చలికి వణికే మనిషిని నేనొక్కదాన్నే. ఆఫీసులో నన్ను చూసి "ఊటీ నుంచి ఎప్పుడొచ్చారు?" అని అడగడం అందరికీ అలవాటైంది. ఇంట్లో మా ఆయన ఫ్యాన్ వేసేవాడు, నేను ఆపేదాన్ని. పాపం ఆయన తడిసిన బనీనుతో గుమ్మంలో కూర్చుని పేపరుతో విసురుకునేవాడు. పేపరు గాలి కూడా నా వైపు రాకుండా విసురుకోమని చెప్పాను.

ఆ తర్వాత నిద్ర. పొద్దున లేవడమంటే బావిలోంచి నన్ను నేను చేదుకున్నట్టుండేది. జుట్టు దువ్వెనలో ఉండేది, తలమీద కాదు. తిండి సగం తగ్గింది, ఒళ్ళు మాత్రం సగం పెరిగింది. ఈ లెక్క ఏ మాస్టారూ నాకు చెప్పలేదు. పొద్దున్నే మొహం చూసుకుంటే కళ్ళకింద రెండు బూరెలు.

ఆ బూరెల్ని చూసి మా ఇంటావిడ సంబరపడింది. మేమున్నది ఆవిడ మేడ కింద రెండు గదుల్లో. ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచిలో పెట్టుకుని చర్చికి వెళ్ళేది. "నీళ్ళోసుకున్నవా బిడ్డా?" అని నా గడ్డం పట్టుకుని అడిగింది. లేదంటే వినదే. "సిగ్గెందుకు, నీ మొకం జెప్తున్నది" అంది. ఆ ఆదివారం నుంచీ చర్చిలో నా కడుపు కోసం ప్రార్థన మొదలైంది. నెలలు గడిచాయి. బిడ్డ రాలేదు, మొహం మాత్రం భక్తిగా ఉబ్బుతూనే ఉంది.

గొంతు బొంగురుపోయింది కూడా అప్పుడే. ముందు జలుబు అనుకున్నాను. జలుబు అలా నెలల తరబడి కాపురం పెట్టదని తెలిసేసరికి నేను ఊరందరికీ భాయ్ సాబ్‌ని అయిపోయాను. కొందరు సార్ అనేవారు. ఒకాయన "తమ్ముడూ" అన్నాడు, అది కాస్త నచ్చింది, వయసు తగ్గించాడు కదా అని.

అమీర్‌పేటలో మా వీధి చివరి డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. చలి అన్నాను, నిద్ర అన్నాను, ఒళ్ళు, జుట్టు, గొంతు అన్నాను. ఆయన రాసుకోవడం చాలించి కళ్ళజోడు తీసి "ఇంట్లో అత్తగారున్నారా?" అని అడిగారు.

"లేరండీ."

"అదే మరి. తోచక."

ఉంటే అత్తగారి వల్ల, లేకపోతే అత్తగారు లేకపోవడం వల్ల. ఆడవాళ్ళకి మూడో రోగం లేదు ఆయన పుస్తకంలో. "ఇవన్నీ ఆడవాళ్ళలో మామూలేనమ్మా" అని ఒక ఎర్ర టానిక్కు రాసిచ్చారు. ఆ సీసా అయ్యాక ఇంకొకటి. మామూలే అన్నమాట ఎన్నిసార్లు విన్నానో. మా అక్క అంది, పక్కింటావిడ అంది, చివరికి మా ఆయన కూడా ఓ రోజు "కాస్త బద్ధకం తగ్గించుకుంటే సరిపోతుందేమోనోయ్" అన్నాడు. ఆ రోజు కూరలో ఉప్పు వెయ్యలేదు. మర్చిపోయాను అన్నాను. నిజానికి అప్పట్లో అన్నీ మర్చిపోయేదాన్నే, కానీ ఆ ఉప్పు మాత్రం నాకు బాగా గుర్తుంది.

సోమాజిగూడలో గొంతు డాక్టరు ఇంకా పెద్దాయన. నోట్లో చిన్న అద్దం పెట్టి ఆ అనమన్నారు. అన్నాను. ఆ గదిలో ఉన్న మిగతా పేషెంట్లు ఎవరా మగమనిషి అని తొంగి చూశారు. ఆయన అద్దం తుడిచి "గొంతుకి పూర్తిగా విశ్రాంతి కావాలి. రెండు నెలలు మాట్లాడకండి. ఏం చేస్తుంటారు?" అన్నారు.

"టెలిఫోన్ ఆపరేటర్నండీ."

ఆయన కాసేపు ఆలోచించారు. "అయితే తక్కువ మాట్లాడండి" అన్నారు.

తక్కువేం ఖర్మ, అసలే మాటకీ మాటకీ మధ్య ఓ చిన్న కునుకు తీసేదాన్ని. నాలుక మందంగా తిరిగేది. ఆ శీతాకాలం ఒక కస్టమరు మా మేనేజరు గారికి ఉత్తరం రాశాడు: మీ ఆపరేటరు పొద్దున్నే తాగొచ్చి డ్యూటీ చేస్తున్నాడు, చర్య తీసుకోగలరు. మేనేజరు గారు నన్ను పిలిచి ఆ ఉత్తరం బల్లమీద బోర్లించి పెట్టారు. "మీరు తాగరని నాకు తెలుసమ్మా" అన్నారు ఎంతో మర్యాదగా. నేను థాంక్సండీ అన్నాను. ఇంకేమనాలి. "ఉగాది తర్వాత సీజను. ఫోన్లు ఆగవు. ఈలోగా గొంతు సరిపడకపోతే గోడౌన్లో స్టాకు చూసే పని ఉంది. అక్కడ మాట్లాడే అవసరం ఉండదు" అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. ఆ చలిలో నా ఒళ్ళు వేడెక్కింది ఆ ఒక్కరోజే. బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడిచాను. ఏడుపు కూడా మగాడి ఏడుపులా వినిపిస్తే కుళాయి తిప్పేశాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక ఫోన్ వచ్చింది. పంజాగుట్ట చౌరస్తా దాటాక మందులషాపు పైన చిన్న క్లినిక్ ఉండేది. అక్కడి డాక్టరమ్మ ముస్లిం ఆవిడ. ఇంట్లో దక్కనీ ఉర్దూ, పేషెంట్లతో తెలుగు. ఆవిడ ఫ్రిజ్ మేమమ్మిందే. "మా ఫ్రిజ్ నిన్నటి సంది సల్లగైతలేదు. అండ్ల పిల్లల టీకాలున్నయి, ఖరాబైతయి" అంది. నేను అడ్రసు అడిగాను. రాసుకుంటూ ఒకసారి మళ్ళీ అడిగాను. ఆవిడ అడ్రసు చెప్పలేదు.

"నువ్వు ఆడమనిషివేనా?" అంది డాక్టరమ్మ.

ఇన్నాళ్ళకి ఆ మాట అడిగిన మనిషి ఆవిడే. సంతోషించాల్సింది పోయి నాకు మండింది. "ఆడమనిషినేనండీ. అయితే ఏంటి?" అన్నాను.

"గుస్సా కాకు. ఈ గొంతు ఎప్పటి సంది ఇట్లున్నది?"

చెప్పాను. చలి పెడుతుందా అంది. ఒళ్ళొచ్చిందా, నిద్రొస్తుందా, చర్మం గరుకైందా అంది. అన్నిటికీ ఊఁ అన్నాను. ఆవిడ నా ఇంట్లో ఏ మూలనో కూర్చుని ఏడాదిగా చూస్తున్నట్టే అడుగుతోంది. "కనుబొమ్మలు సివర్ల పలసగైనయా? ఏలు వెట్టి సూడు" అంది. బోర్డు మీద నాలుగు లైన్లు మోగుతున్నాయి, నేను కనుబొమ్మలు తడుముకుంటూ కూర్చున్నాను. చివర్లు లేవు. ఎప్పుడు పోయాయో నాకే తెలియదు.

"మెకానిక్‌ని తోలు. మెకానిక్ ఎనకనే నువ్వు రా" అంది.

వెళ్ళాను. ఆవిడ నన్ను కుర్చీలో వెనక్కి తిప్పి మోకాళ్ళ మీద కూర్చోబెట్టి మడమ వెనక చిన్న సుత్తితో కొట్టింది. అందరికీ పాదం టక్కున ఎగురుతుందట. నాది కాస్త ఆలోచించుకుని, ఇక తప్పదన్నట్టు కదిలి, నింపాదిగా వెనక్కి దిగింది. అది చూసి ఆవిడ తల ఊపింది. రక్తం తీసి ఎక్కడికో పంపింది. వారం తర్వాత కాగితం వచ్చింది. "గొంతు కాడ థైరాయిడని ఒక గ్రంథి ఉంటది. అది పని జేస్తలేదు. ఒళ్ళంతటికీ హుషారిచ్చేది అదే. బద్ధకం దానిది, నీది కాదు" అంది.

అప్పుడు మాత్రం ఆవిడ బల్లమీద తలపెట్టి బాహాటంగా ఏడిచాను. జబ్బుందని తెలిసి అంత ఆనందపడ్డ మనిషిని ఆవిడ అంతకుముందు చూసి ఉండదు. ఇంటికొచ్చి మా ఆయనకి ఆ కాగితం చూపించి "బద్ధకం దీనిదట" అని గొంతు మీద వేలు పెట్టి చూపించాను. ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివాడు. తర్వాత లేచి ఫ్యాన్ తనే ఆపేశాడు.

చిన్న మాత్ర, జీవితాంతం వేసుకోవాలి. చీటీ మీద "పరగడుపున" అని రాసి ఉంది. మా ఆయన ఆ మాటని వేదవాక్కులా పట్టుకున్నాడు. ఇంట్లో బిస్కెట్ల డబ్బా నాకందకుండా అటకమీద పెట్టాడు. "ఏమీ తినకూడదు, తెలుసుగా" అని రోజూ హెచ్చరించేవాడు. మా ఆయనకి వచ్చిన వంట ఒక్కటే, కాఫీ. బెజవాడ మనిషి, డికాక్షన్ దగ్గర రాజీపడడు. పొద్దున్నే నా మంచం దగ్గరికి వచ్చి, ఒక అరచేతిలో మాత్ర, ఇంకో చేతిలో పొగలు కక్కే కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడేవాడు. మాత్ర నోట్లో వేసుకుని కాఫీతో మింగేదాన్ని. ఎంత ప్రేమ. నాకు నిజంగానే కళ్ళు చెమర్చేవి.

ఒక నెల గడిచింది. నాకేమీ తేడా లేదు. మళ్ళీ రక్తం తీశారు, కాగితంలోనూ పెద్ద తేడా లేదు. డాక్టరమ్మ నొసలు చిట్లించి "పరగడుపునే ఏసుకుంటున్నవా?" అని అడిగింది.

"మెతుకు ముట్టకుండా వేసుకుంటున్నానండీ" అన్నాను. అబద్ధం ఏముంది అందులో.

మాత్ర మోతాదు పెంచింది. అయినా అంతే. మా ఆయన మాత్రలు దొంగవేమోనని ఇంకో షాపులో కొన్నాడు. ఇంటావిడ చర్చిలో ప్రార్థన కడుపు మీంచి గొంతుకి మార్పించింది. ఇక్కడ ఆఫీసులో మా మేనేజరు గారు ఒక కొత్తమ్మాయిని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టారు. "బోర్డు పని కాస్త చూపించండమ్మా" అన్నారు. చూపించాను. ఏ ప్లగ్గు ఎక్కడ గుచ్చాలో, ఏ కస్టమరుతో ఎలా మాట్లాడాలో అన్నీ చెప్పాను. ఆ పిల్ల హలో అంటే ఏలకులు దంచినట్టుండేది. నా కుర్చీ ఎవరికి పోతుందో వాళ్ళకే, ఆ కుర్చీలో కూర్చునే నేర్పించాను, పైగా ఆ పిల్ల మంచిది, తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

శివరాత్రి రోజు సాయంత్రం ఆఫీసు నుంచి క్లినిక్‌కి వెళ్ళాను. ఉగాది ఎంతో దూరం లేదు. ఇక ఈ మాత్రలు నాకు పనిచెయ్యవు, గోడౌన్‌కి వెళ్ళిపోతాను అని చెప్పేద్దామనే వెళ్ళాను. పేషెంట్లు లేరు. డాక్టరమ్మ కింద హోటల్ నుంచి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించి నా ముందుకి జరిపింది.

"బిస్కెట్లు వద్దండీ, ఈరోజు ఉపవాసం" అన్నాను, చాయ్ కప్పు అందుకుంటూ.

ఒక గుక్క తాగాను. డాక్టరమ్మ నా వంకే చూస్తోంది.

"ఉపవాసమంటివి?"

"అవునండీ. శివరాత్రి కదా."

"మరి చాయ్ తాగవడ్తివి?"

"చాయ్‌కేముందండీ" అన్నాను. నాకు ప్రశ్నే అర్థం కాలేదు. మా ఇళ్ళల్లో ఉపవాసమంటే అన్నం మానెయ్యడం. మా అమ్మ కార్తీక సోమవారాలు చుక్క చూసేదాకా ఉండేది, కాఫీల మీద ఉండేది. కాఫీ తిండి కిందకి రాదు, అది మంచినీళ్ళకి అన్నగారు. ఏమైనా తిన్నావా అంటే మేమంతా "ఏం తినలేదు, కాఫీ తాగానంతే" అని చెప్పేవాళ్ళమే.

డాక్టరమ్మ తన కప్పు కింద పెట్టింది. "పొద్దుగాల గోలీ దేంతోని మింగుతున్నవ్?"

"కాఫీతోనండీ. మా ఆయన పెడతాడు" అన్నాను, కాస్త గర్వంగా కూడా.

ఆవిడ రెండు చేతులతో తల పట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది. నేను భయపడ్డాను. తీరా చూస్తే నవ్వుతోంది, భుజాలు అదురుతున్నాయి. "యా అల్లా" అంది కళ్ళు తుడుచుకుంటూ. "మీ ఉపవాసంల చాయ్ నడుస్తది. మా రంజాన్ రోజాల ఉమ్మి మింగాలన్నా ఆలోచిస్తం. సూడు బేటీ, ఈ గోలీకి ఉపవాసం సరిపోదు, రోజా కావాలె. మంచినీళ్ళొక్కటి మాఫ్. గోలీ ఏసుకున్నంక గంటసేపు కాఫీ లేదు, చాయ్ లేదు, పాలు లేవు. కాఫీ దాన్ని లోపటికి పోనిస్తలేదు."

"మీరు పరగడుపున అని రాశారండీ" అన్నాను బుంగమూతి పెట్టుకుని.

"నాదే తప్పు. రోజా అని రాయాలె" అంది. ఆ ఎర్ర టానిక్కు ఇంకా తాగుతున్నానని కూడా అప్పుడే తెలిసి, దాన్ని రాత్రికి మార్చింది. అదీ అడ్డమేనట.

ఇంటికి వెళ్ళి చెప్తే మా ఆయన మొహం మాడిపోయింది. రెండు నెలల ప్రేమంతా మందుకి విరుగుడైందని ఎవరికి మాత్రం చెప్పుకుంటాడు. మర్నాటి నుంచీ ఒక చేతిలో మాత్ర, ఇంకో చేతిలో మంచినీళ్ళ గ్లాసు. తర్వాత ఓ గంటసేపు ఆయన కూడా కాఫీ మానేసి గడియారం చూస్తూ కూర్చునేవాడు. ఒక్కడే తాగితే ఆ వాసనకి నేనాగనని ఆయన భయం.

కొన్ని వారాలకి ఒకరోజు వంట చేస్తూ చేస్తూ నేను వెళ్ళి ఫ్యాన్ వేశాను. మా ఆయన పేపరు కిందపెట్టి పైకి తిరుగుతున్న ఫ్యాన్‌ని చూశాడు, నన్ను చూశాడు. పెంచిన మోతాదు లోపలికి పోవడం మొదలయ్యేసరికి గుండె దడదడలాడింది, డాక్టరమ్మ మళ్ళీ మొదటి మోతాదుకే తెచ్చింది. మొహం మీద బూరెలు తగ్గాయి. ఇంటావిడ కాస్త దిగులుపడింది.

ఉగాది వెళ్ళిన మర్నాడు మేనేజరు గారు నన్ను పిలిచారు. "పక్కగదిలోకి వెళ్ళి ఒకసారి హలో అనమ్మా" అన్నారు. వెళ్ళి ఫోనెత్తాను. హలో అన్నాను. "కాస్త జలుబు చేసినట్టుంది. పర్వాలేదు" అన్నారు. కొత్తమ్మాయిని రిసెప్షన్లో కూర్చోబెట్టారు. నా కుర్చీ నాకే ఉంది.

ఇంకొన్ని రోజులకి జలుబు కూడా పోయింది. ఎండలు ముదిరాయి, ఫోన్లు ఆగడం లేదు. మధ్యాహ్నం యూసుఫ్‌గూడ దుకాణం ఆయన చేశాడు. నేను హలో అన్నాను. ఆయన ఒక క్షణం తడబడ్డాడు.

"అమ్మా, గా భాయ్‌కి జర ఫోనియ్యమ్మా."

"ఏ భాయ్ అండీ?"

"గదే, ఈ సీట్ల కూసునే భాయ్. ఏడాది సంది ఆయనతోనే మాట్లాడుతున్న."

నవ్వొచ్చింది. నేనేనండీ అని చెప్పబోయి, ఎందుకో చెప్పలేదు. "ఆయన మానేశారండీ" అన్నాను.

"పోయిండా? అరెరే. మంచోడుండె పాపం" అన్నాడు. వెనకాల సోడా సీసాల చప్పుడు వినిపిస్తోంది. "మెల్లగ మాట్లాడుతుండె. నిద్రల నుంచి లేసినట్టు. తాగిండేమో అని మా తమ్ముడన్నడు. నేనన్న, తాగుడు గాదుర, ఆ మనిషికి పానం బాగలేదు, ఏదో బీమారున్నది, పట్టించుకునేటోళ్ళు లేరేమో అన్న. ఎవలన్న మంచి డాక్టర్‌కి సూపెట్టిండ్రా అమ్మా?"

ఇద్దరు డాక్టర్లు, మా అక్క, పక్కింటావిడ, ఇంటావిడ, ఆఫీసు మొత్తం, మా ఆయన, ఇంతమంది నన్ను ఎదురుగా చూశారు. ఆడదాన్నైతే మామూలే. డాక్టరమ్మ కాక, మగవాణ్ణని పొరపడ్డ ఈయనొక్కడికి మాత్రం అది జబ్బులా వినిపించింది. నాకు గొంతు పూడుకుపోయింది. వచ్చిన గొంతు మళ్ళీ పోయిందేమోనని హడలిపోయాను.

"చూపించారండీ" అన్నాను.

"బాగైండా?"

"బాగయ్యాడు."

"షుకర్. కలిస్తే నా సలాం జెప్పు" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "ఫ్రిజ్ మళ్ల సచ్చిందమ్మా" అన్నాడు.